దారాల మధ్య సందు

ఎండలో బయటికి వెళ్లేటప్పుడు తలకు గుడ్డ చుట్టుకుంటే చల్లగా ఉంటుందా, ఉక్క ఇంకా పెరుగుతుందా? ఏప్రిల్, మే నెలల్లో ఎందరికో వచ్చే సందేహమే ఇది. సందేహం రావడంలో తప్పు లేదు. చలికాలంలో వెచ్చదనం కోసం కప్పుకునేదీ గుడ్డే కదా, అదే గుడ్డ ఎండాకాలంలో చల్లదనం ఎలా ఇస్తుంది? సరిగ్గా అదే రోజుల్లో పెరట్లో మామిడి కోతకొస్తుంది. కోసిన కాయల్ని వరిగడ్డిలో పేర్చి, పైన ఒక పాత నూలుచీర కప్పి, నాలుగైదు రోజులు ముట్టుకోకుండా ఉంచుతారు. ఇక్కడ రెండో ప్రశ్న పుడుతుంది. చెట్టుతో బంధం తెగిపోయిన కాయ, నీళ్లూ వెలుతురూ లేని మూలగదిలో పడుకుని తియ్యగా ఎలా మారుతుంది? గడ్డి దానికేమిస్తుంది?

ఈ రెండు ప్రశ్నలకూ సంబంధం లేదనిపిస్తుంది. ఒకటి దర్జీ పని, రెండోది తోట పని. కానీ రెండింటి జవాబూ ఒకే చోట ఉంది. ఎండాకాలంలో మనం వాడే ప్రతి కప్పూ, అది తలగుడ్డ కావచ్చు, కాయకు తొడిగే సంచి కావచ్చు, గడ్డిమీద పరిచే చీర కావచ్చు, పనిచేసేది తన మందంతో కాదు, తన సందులతో. ఏది లోపలికి రావాలి, ఏది బయటికి పోవాలి, ఏది కొంతసేపు నిలవాలి అన్న లెక్కను ఆ సందులే తేలుస్తాయి. ఈ అధ్యాయం చెప్పదలచింది ఈ ఒక్క మాటే.

ఈ మాటను పరీక్షించి చూడటానికి భద్రాచలం తగిన చోటు. గోదావరి ఉత్తరపు గట్టున, అడవి అంచున ఉన్న ఈ ఊళ్లో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్తకాదు. మైదాన ప్రాంతంలో 45 డిగ్రీలు నమోదైతే భారత వాతావరణ శాఖ దాన్ని వడగాలి అంటుంది, 47 తాకితే తీవ్ర వడగాలి అంటుంది. ఆ ఎండల్లోనే అడవి పల్లెల ఆడవాళ్లు తునికాకు కోసి, యాభై ఆకులకొక కట్ట చొప్పున కట్టలు కడతారు. అంతకుముందే మిరప తోటల్లో కోతలు సాగుతుంటాయి. వీళ్లందరికీ నీడ ఇచ్చేది తలమీది గుడ్డ ఒక్కటే. అందుకే ఆ గుడ్డ ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం కాలక్షేపానికి చదివే విషయం కాదు.

చలువ పందిరి నేర్పే పాఠం

శ్రీరామనవమి వచ్చిందంటే తెలుగునాట వీధి వీధికీ చలువ పందిళ్లు లేస్తాయి. పానకం, వడపప్పు, విసనకర్ర పంచే పండుగ అది. తాటాకు పందిరి కిందా రేకుల షెడ్డు కిందా ఒకేలాంటి నీడ ఉంటుంది. అయినా మధ్యాహ్నం రెండు గంటలకు రేకుల కింద నిలబడలేం, పందిరి కింద పడుకుని నిద్రపోగలం. నీడ ఒకటే అయినప్పుడు తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది?

మే నెల నడిమధ్యాహ్నం ఒక చదరపు మీటరు నేలమీద పడే ఎండలో దాదాపు వెయ్యి వాట్ల శక్తి ఉంటుంది. అంటే ఒక ఇస్త్రీపెట్టెను ఆపకుండా వేడిచేసేటంత. రేకు దీన్ని కప్పినంత మేరా ఆపుతుంది. ఆపిన ఎండలో కొంత పైకి తిప్పికొట్టినా, మిగిలింది తానే మింగి కాగిపోతుంది. కాగిన రేకు పొయ్యిమీది పెనంలా కిందివాళ్లమీద కంటికి కనిపించని వేడికిరణాలు కురిపిస్తుంది. దానికి తోడు, వేడెక్కి పైకి లేచిన గాలి రేకుకు తగిలి అక్కడే చిక్కుకుంటుంది. తాటాకు పందిరిలో ఈ రెండూ జరగవు. ఆకులు సన్నటి చీలికలు. ప్రతి చీలిక చుట్టూ గాలి ఆడుతుంది కాబట్టి ఆకు తాను మింగిన వేడిని వెంటవెంటనే గాలికి అప్పగిస్తుంది, కాగి కూర్చోదు. కింద వేడెక్కిన గాలి ఆకుల సందుల్లోంచి పైకి జారిపోతుంది.

ఇక్కడొక అభ్యంతరం రావాలి. సందులున్నప్పుడు ఎండ కూడా వాటిగుండానే దిగుతుంది కదా? ఒకే పొర ఆకు వేస్తే దిగుతుంది. రెండు మూడు పొరలు, కింది సందుమీద పై ఆకు పడేలా వేస్తే దిగదు. కారణం చాలా సులువు. వెలుగు తిన్నగా పోతుంది, అడ్డం వస్తే ఆగిపోతుంది. గాలీ ఆవిరీ అలా కాదు, అడ్డం వస్తే పక్కకు తిరిగి, దొరికిన సందు వెతుక్కుని వెళ్లిపోతాయి. వీధిలో ఎదురుగా గోడ కట్టి పక్కన సందు వదిలితే కంటిచూపు ఆగుతుంది, మనిషి ఆగడు. మంచి పందిరి చేసే పని ఇదే, వెలుగుకు గోడ, గాలికి వాకిలి. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే తలగుడ్డ ఎలా కుట్టాలో సగం తెలిసిపోయినట్టే. పల్చని నూలుగుడ్డ రెండు పొరలు, ఒకదానికొకటి అంటుకోకుండా వదులుగా ఉంటే, అది తలమీద మోసుకుపోయే చలువ పందిరి.

చెమట కారితే చాలదు, ఆరాలి

మన చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. బయటి గాలి అంతకన్నా చల్లగా ఉన్నంతసేపూ ఒంట్లో పుట్టిన వేడి దానంతటదే గాలిలోకి పోతుంది. గాలి 40, 45 డిగ్రీలకు చేరిందంటే ప్రవాహం తిరగబడుతుంది, గాలే ఒంటికి వేడి ఎక్కిస్తుంది. అప్పుడు ఒంటికి మిగిలిన దారి ఒక్కటే, చెమట. అయితే చెమట పట్టడం వేరు, చెమట ఆరడం వేరు. చల్లదనం వచ్చేది రెండోదానివల్ల. ఒక గ్రాము చెమట ఆవిరై పోవడానికి ఒంటినుంచి దాదాపు 580 కేలరీల వేడి తీసుకుంటుంది. అదే గ్రాము నీటిని 30 డిగ్రీలనుంచి మరిగేదాకా కాచడానికి 70 కేలరీలు చాలు. కాచడానికి పట్టే వేడికి ఎనిమిది రెట్లు ఆవిరవడానికి పడుతుందన్నమాట. ఆ వేడంతా మన ఒంట్లోంచే పోతుంది. మరి గడ్డంమీదనుంచి కింద పడిన చెమటబొట్టో? అది ఒంట్లో నీటినీ ఉప్పునూ తీసుకుపోయింది, బదులుగా ఏ చల్లదనమూ ఇవ్వలేదు.

నూలుగుడ్డ విలువ ఇక్కడ తెలుస్తుంది. దూదిపోగుకు నీరంటే ఇష్టం. మామూలు గాలిలో ఉంచినా వంద గ్రాముల దూది ఎనిమిది గ్రాములకు పైగా తేమను తనలో దాచుకుంటుంది. పాలిస్టర్ పోగు అర గ్రాము కూడా దాచుకోదు. నుదుటిమీద పుట్టిన చెమటను నూలుగుడ్డ దీపపు వత్తి నూనెను పీల్చినట్టు పీల్చి, వెడల్పుగా పరిచి, గాలికి ఆరబెడుతుంది. కింద పడి వృథా కావలసిన బొట్టును పనిలో పెడుతుంది. ఇక దారాల మధ్య సందు సంగతి. పల్చని నేతగుడ్డలో ఆ సందు ఒక మిల్లీమీటరులో పదోవంతు ఉందనుకోండి. మన కంటికి అది సూదిమొన కన్నా చిన్నది. నీటి అణువుకు మాత్రం అది తనకన్నా లక్షల రెట్లు వెడల్పైన రాజమార్గం. ఆవిరికి ఆ దారి చాలు.

తలగుడ్డను తడిపి చుట్టుకునే అలవాటుకు కూడా ఇదే లెక్క. గాలిలో తేమ 20 శాతం ఉన్న 45 డిగ్రీల రోజున నీడలో, గాలి తగిలేచోట ఉంచిన తడిగుడ్డ దాదాపు 26 డిగ్రీలదాకా చల్లబడగలదు. తేమ 70 శాతం ఉన్న 35 డిగ్రీల రోజున అదే గుడ్డ 30 దగ్గరే ఆగిపోతుంది. పొడి ఎండ ఎంత భయపెట్టినా తడిగుడ్డకు లొంగుతుంది, తేమతో కూడిన ఉక్క లొంగదు. తొలకరి ముందు, ఆకాశం మబ్బుపట్టి గోదావరి గట్టున గాలి స్తంభించిన రోజుల్లో ఎండ తగ్గినా ప్రాణం విలవిల్లాడేది అందుకే. అలాంటి రోజున గుడ్డను నమ్ముకుని పనిచేయడం ప్రమాదం. ఆ రోజు కావలసింది నీడ, విశ్రాంతి, గాలి. గుడ్డ చెమటను ఆరబెట్టగలదు తప్ప చెమటకు కావలసిన నీటిని ఇవ్వలేదని కూడా గుర్తుంచుకోవాలి. మజ్జిగో, ఉప్పేసిన గంజో, పానకమో తాగనివాడికి ఎంత మంచి తలగుడ్డా కాపు కాదు.

రంగు విషయంలో వాదన ఎప్పుడూ ఉండేదే. తెల్లగుడ్డే చల్లన అన్నది లోకం మాట. 1980లో నేచర్ పత్రికలో అచ్చయిన ఒక పరిశోధన దీనికో మెలిక పెట్టింది. ఎడారిలో తిరిగే బెదూయిన్లు నల్లటి అంగీలు ఎందుకు తొడుగుతారన్నది అందులోని ప్రశ్న. నల్ల అంగీ, తెల్ల అంగీ తొడిగి ఎండలో నిలబెట్టి కొలిస్తే, ఒంటికి చేరిన వేడి రెండింటిలోనూ ఒకటే అని తేలింది. నలుపు ఎక్కువ ఎండను మింగిన మాట నిజమే, కానీ ఆ వేడి చర్మందాకా రాకముందే గాలికి పోయింది. అంగీ వదులుగా ఉండటమే దానికి కారణం. దీన్నిబట్టి రంగుకు విలువ లేదనుకోకూడదు. తలకు అంటిపెట్టుకుని ఉండే బిగుతు టోపీలో గుడ్డకూ తలకూ మధ్య గాలి ఉండదు, అక్కడ నలుపు నలుపే, తెలుపు తెలుపే. తేలిందల్లా ఏమిటంటే, చూడవలసిన సందులు రెండు. ఒకటి దారానికీ దారానికీ మధ్య, రెండోది గుడ్డకూ ఒంటికీ మధ్య. రెండో సందు సరిగ్గా ఉంటే రంగు చేసే చెడు చాలామటుకు తగ్గిపోతుంది.

టోపీ అంచు ఎంత ఉండాలి

ఇంట్లో టోపీ కుట్టుకునేవాళ్లు మొదట అడిగేది అంచు వెడల్పు. దీనికి జవాబు చెప్పవలసింది సూర్యుడు. భద్రాచలం భూమధ్యరేఖకు ఉత్తరంగా 17 డిగ్రీల 40 నిమిషాల అక్షాంశం దగ్గర ఉంది. అందువల్ల మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో మరోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిమీదికి వస్తాడు. నిటారుగా పాతిన కర్రకు ఆ క్షణంలో నీడే పడదు. ఆ సమయంలో ఎండ పడేది మాడుమీద, భుజాలమీద. వేలెడు అంచున్నా ముఖమంతా నీడలో ఉంటుంది. కానీ అదే రోజు ఉదయం సుమారు తొమ్మిదింటికి, మధ్యాహ్నం సుమారు మూడింటికి సూర్యుడు నేలకూ నడినెత్తికీ సరిగ్గా సగం ఎత్తులో ఉంటాడు. అప్పుడు అంచు ఎంత వెడల్పుంటే నీడ అంతే కిందికి దిగుతుంది. ఏడు సెంటీమీటర్ల అంచు నుదుటినీ కళ్లనూ కాపాడి ముక్కు దగ్గర ఆగిపోతుంది. ఇంకాస్త పొద్దు వాలితే ఎంత అంచూ చాలదు. కాబట్టి తోటపనికి పోయేవాళ్ల టోపీకి చుట్టూ అంచు ఒక్కటే సరిపోదు. వెనక మెడమీదికీ చెవులమీదికీ వేలాడే వదులు గుడ్డ ఉండాలి. తువ్వాలును తలకు చుట్టి ఒక కొంగు మెడమీదికి వదిలేవాళ్లు చేసేది సరిగ్గా ఇదే.

కుట్టేటప్పుడు గుర్తుంచుకోవలసిన మరికొన్ని సంగతులూ సందుల దగ్గరికే వస్తాయి. నేతగుడ్డ అంటే పడుగు దారాలూ పేక దారాలూ ఒకదాన్నొకటి దాటుతూ అల్లుకున్న చిన్న చిన్న చతురస్రాల సమూహం. పడుగు వెంట లాగితే గుడ్డ సాగదు, లాగుతున్నది దారాన్నే కాబట్టి. మూలకు మూల పట్టి ఏటవాలుగా లాగితే సాగుతుంది, ఎందుకంటే దారం సాగనక్కర్లేదు, చతురస్రపు సందు పక్కకు ఒరిగితే చాలు. నవారు మంచం కోళ్లు వదులైతే మంచమంతా ఒక పక్కకు ఒరిగినట్టే. దర్జీలు టోపీ అంచుకూ, వంపు ఉన్న ప్రతిచోటా పట్టీని క్రాసుగా కత్తిరించేది ఇందుకే. నిలువుగా కత్తిరించిన పట్టీ వంపు దగ్గర ముడతలు పడుతుంది, క్రాసు పట్టీ ఒదిగిపోతుంది. అలాగే కొత్త నూలుగుడ్డను ఒకసారి తడిపి ఆరబెట్టకుండా కత్తిరించకూడదు. నేతలో బిగించి లాగిన దారాలు నీళ్లు తగలగానే ఉబ్బి, బిగువు వదిలి, దగ్గరకు జరుగుతాయి. కుట్టిన తరువాత ఈ మార్పు జరిగితే టోపీ తలకు పట్టదు.

గంజి గురించి ఒక మాట. గంజి పెట్టిన గుడ్డ నిలబడుతుంది కాబట్టి టోపీ మొత్తానికి గంజి పెట్టాలనిపిస్తుంది. గంజిలోని పిండి ఆరాక దారాల సందుల్లోనే గడ్డకడుతుంది, ఆవిరి దారిని ఇరుకు చేస్తుంది. అంచు నీడకోసం, అక్కడ బిగువు కావాలి, గంజి మేలు చేస్తుంది. మాడుమీద గుడ్డ చెమట ఆరబెట్టడం కోసం, అక్కడ గంజి చేటు చేస్తుంది. పదేళ్లు ఉతికి ఉతికి మెత్తబడిన నూలుచీర తలగుడ్డకు కొత్త గుడ్డకన్నా నయం అనేదీ ఇందుకే. ఆ చీరలో మిల్లు పెట్టిన గంజి ఎప్పుడో పోయింది, కుంచించుకోవలసినంతా కుంచించుకుంది, మిగిలింది దారం, సందు.

కాయకు తొడుగు, కోతకు చిక్కం

ఇప్పుడు అదే చీరలో ఇంకో ముక్క తీసుకుని పెరట్లోకి వెళ్దాం. మామిడి, జామ కాయలు పక్వానికొచ్చే వేళకు పండుఈగ వాలుతుంది. ఆడ ఈగ తొక్కకు సన్నటి రంధ్రం పొడిచి లోపల గుడ్లు పెడుతుంది. పైకి ఏ మచ్చా సరిగ్గా కనిపించదు. కోసి చూస్తే లోపల పురుగులు. పురుగు లోపల ఉన్నాక ఏ మందూ దాన్ని చేరదు. ఈగను కాయమీద వాలనివ్వకపోవడమే సరైన దారి. కాయ కోడిగుడ్డంత ఉన్నప్పుడే గుడ్డసంచి తొడిగి తొడిమ దగ్గర ముడివేస్తే, మందు కొట్టే పనిలేకుండా ఈగ బాధ తప్పుతుంది.

సంచి అన్నాక పాలిథిన్ కవరు ఎందుకు పనికిరాదు? అది ఈగను ఇంకా గట్టిగా ఆపుతుంది కదా? ఆపుతుంది, కాయనూ ఆపుతుంది. చెట్టుమీది కాయ కూడా ఊపిరి పీలుస్తుంది, తొక్కగుండా నీటిని ఆవిరిగా వదులుతుంది. కవరులో ఆ ఆవిరి లోపలి గోడలమీద బొట్లుగా నిలుస్తుంది. తడీ వేడీ కలిసినచోట నల్లమచ్చ తెచ్చే బూజుకు పండుగే. పైగా ఎండ లోపలికి వచ్చి వేడిగా మారి బయటికి పోలేక కాయ ఉడికిపోతుంది. నేతగుడ్డ సందు ఈగకు గోడ, ఆవిరికి వాకిలి. పందిరి దగ్గర చెప్పుకున్న మాటే ఇది, వెలుగు స్థానంలో ఈగ వచ్చింది, అంతే. రెండో సందును ఇక్కడా మరవకూడదు. సంచి కాయకు అతుక్కుని ఉంటే ఈగ గుడ్డమీద కూర్చుని నేత సందులోంచే గుడ్డు దించగలదు. కాయ పూర్తిగా పెరిగాక కూడా చుట్టూ వేలెడు ఖాళీ ఉండేంత పెద్దగా కుట్టాలి. అకాల వర్షం నీళ్లు కారిపోవడానికి అడుగు కుట్టు కాస్త ఎడంగా వేయాలి.

కోత దగ్గర కుట్టుపని మరోలా అక్కరకొస్తుంది. దోటి చివర కట్టే చిక్కం ఒక వల సంచి, దాని సందులు కాయకన్నా చిన్నవైతే చాలు. చిక్కం లేకుండా కొమ్మ దులిపితే ఏమవుతుందో లెక్క కట్టవచ్చు. ఐదు మీటర్ల ఎత్తునుంచి రాలిన కాయ గంటకు దాదాపు 36 కిలోమీటర్ల వేగంతో నేలను తాకుతుంది. పైకి తొక్క చిట్లకపోవచ్చు. లోపల కణాల గోడలు పగిలి, విడివిడిగా ఉండవలసిన రసాలు కలిసి, ఆ చోటు గోధుమరంగుకు తిరిగి కుళ్లు మొదలవుతుంది. చిక్కంలో పడిన కాయ వేగం ఒక్కసారిగా కాక వల సాగినంతసేపూ నెమ్మదిగా తగ్గుతుంది. బంతి పట్టేవాడు చేతుల్ని వెనక్కి లాక్కున్నట్టే.

తొడిమను కాయమీద బొటనవేలి వెడల్పయినా ఉంచి కోయాలని పెద్దలు చెప్పేదానికీ కారణం ఉంది. తొడిమ మొదట్లోనే విరిస్తే లోపల ఒత్తిడిలో ఉన్న సొన చిమ్ముతుంది. మామిడి జీడిమామిడికి దగ్గరి చుట్టం, రెండూ ఒకే కుటుంబం చెట్లు. జీడిపిక్క నూనె చేతులు కాల్చినట్టే సొన కూడా కాయ తొక్కను కాలుస్తుంది, మనిషి చర్మాన్నీ పొక్కిస్తుంది. ఆ నల్లటి చారలోంచే బూజు లోపలికి దారి చేసుకుంటుంది. తొడిమతో కోసి, నీడలో తొడిమను కత్తిరించి, కాయను తలకిందులుగా కాసేపు ఉంచితే సొన తొక్కకు అంటకుండా కారిపోతుంది. కోసేవాళ్లు చేతులకు గుడ్డ తొడుగులు వేసుకుంటే ఎండకూ సొనకూ ఒకే కాపు.

గడ్డి పట్టి ఉంచే వాయువు

ఇక మొదట్లో అడిగిన రెండో ప్రశ్న, కోసిన కాయ గడ్డిలో తియ్యగా ఎలా మారుతుందన్నది. 1901లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నెల్యుబోవ్ అనే పరిశోధకుడు, తన బఠానీ మొలకలు వంకరగా పెరగడానికి దీపాల గ్యాసులో ఉండే ఇథిలీన్ కారణమని పట్టుకున్నాడు. 1934లో ఇంగ్లండులో రిచర్డ్ గేన్ ఒక అడుగు ముందుకు వేసి, పండుతున్న ఆపిల్ తానే ఈ వాయువును వదులుతుందని రుజువు చేశాడు. అంటే పండును పండించే కబురు పండులోంచే పుడుతుంది. గాలిలో పదిలక్షల వంతుల్లో ఒక వంతు ఇథిలీన్ ఉన్నా మామిడికాయ ఆ కబురు అందుకుంటుంది. అందుకున్న కాయ తానూ ఇథిలీన్ చేయడం మొదలుపెడుతుంది. గిన్నెడు పాలను చెంచాడు తోడు పెరుగు చేసినట్టే ఒక పండు గంపెడు కాయల్ని పండిస్తుంది.

కాయను బయట బల్లమీద పెడితే ఈ వాయువు గాలికి కొట్టుకుపోతుంది, ఒక్కో కాయ ఒక్కో రోజు పండుతుంది. ప్లాస్టిక్ సంచిలో కట్టేస్తే వాయువు నిలుస్తుంది కానీ, కాయ పీల్చుకోవలసిన ప్రాణవాయువు అయిపోతుంది, అది వదిలిన బొగ్గుపులుసు వాయువు పేరుకుంటుంది. ఊపిరాడని కాయ మాగదు, పులుస్తుంది. గడ్డి ఈ రెండింటికీ మధ్య నిలిచింది. గడ్డిపోచల మధ్య గాలి ఉంది, అది కదలదు. ఇథిలీన్ మెల్లగా మాత్రమే జారిపోగలదు, ప్రాణవాయువు మెల్లగా చేరుతూనే ఉంటుంది. కాయ వదిలిన తేమను పొడిగడ్డి పీల్చుకుంటుంది. ఒక కాయ కుళ్లినా పక్కకాయకు అంటకుండా పోచలు అడ్డం ఉంటాయి. తలగుడ్డ ఆవిరిని త్వరగా పంపాలి కాబట్టి అక్కడ సందు గాలి ఆడేలా ఉండాలి, మాగవేసేచోట వాయువు కాస్త నిలవాలి కాబట్టి సందు గాలి ఆడకుండా ఉండాలి. సూత్రం ఒకటే, కొలత వేరు.

వేడి కూడా లెక్కలోకి వస్తుంది. మామిడి చక్కగా పండేది 20 నుంచి 25 డిగ్రీల మధ్య. 35 దాటితే మెత్తబడుతుంది తప్ప రంగూ రుచీ సరిగ్గా రావు. భద్రాచలం మే నెలకు ఇది గట్టి పరీక్షే. అందుకే మాగవేసేది ఇంట్లో అన్నిటికన్నా చల్లటి గదిలో, నేలమీద, ఒకటి రెండు వరసలే. ఊపిరి పీల్చే కాయలు తామే వేడి పుట్టిస్తాయి, లోతుగా పోసిన కుప్ప నడుమ ఆ వేడి పోయే దారిలేక పేరుకుంటుంది. తొందరపడి పచ్చికాయను ఫ్రిజ్‌లో పెట్టడమూ పొరపాటే. పన్నెండు డిగ్రీలకన్నా తక్కువ చలిలో కాయలో పండే పని దెబ్బతింటుంది, బయటికి తీశాక కూడా కోలుకోదు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది. పండించేది ఇథిలీనే అయితే, అదే వాయువును గదిలోకి వదిలి మూడు నాలుగు రోజుల్లో పండించే వ్యాపారుల పద్ధతికీ గడ్డికీ తేడా ఏముంది? నిజాయితీగా చెప్పాలంటే వాయువులో తేడా లేదు. మన దేశపు ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2016లో పదిలక్షల వంతుల్లో వంద వంతులకు మించకుండా ఇథిలీన్ వాడుకను అనుమతించింది, అందులో భయపడవలసింది లేదు. నిషేధించింది కాల్షియం కార్బైడును. అది తేమ తగిలి ఎసిటిలీన్ అనే మరో వాయువును వదులుతుంది, దాంతోపాటు ఆర్సెనిక్, భాస్వరాల మలినాలు రావచ్చు. తేడా కాయ వయసులో ఉంది. పండించే వాయువు తియ్యదనాన్ని తయారుచేయదు. కాయలో చెట్టు దాచిపెట్టిన పిండిని చక్కెరగా మార్చమని కబురు మాత్రం పెడుతుంది. దాచినది లేని లేతకాయకు ఎంత వాయువు పెట్టినా తొక్క పసుపెక్కుతుంది, లోపల పులుపే. ముందుగా మార్కెట్టుకు చేరితే ధర ఎక్కువన్న తొందర వ్యాపారానిది. పెరటి చెట్టుకు ఆ తొందర లేదు. పెరటి పండు రుచికి అసలు కారణం ఇదే.

మరి కాయ ముదిరిందని ఎలా తెలుస్తుంది? తొడిమ పక్కన భుజాలు నిండుగా ఉబ్బి తొడిమకన్నా పైకి లేస్తాయి. పిండి నిండిన కాయ నీళ్లకన్నా బరువెక్కి బకెట్టులో వేస్తే మునుగుతుంది. అన్నిటికన్నా నమ్మదగిన సాక్షి చెట్టే, మొదటి పండు తనంతట తాను రాలిందంటే మిగతా కాయలకూ సమయం దగ్గరపడినట్టే. ఈ అడవి పల్లెల కోయలు కొత్త మామిడిని దేవతకు పెట్టి పండుగ చేసుకోనిదే కాయను నోట పెట్టరు. వాళ్లకు అది భక్తి. ఆ భక్తివల్ల చెట్టుకు దొరికేది మాత్రం గడువు, మరీ లేతకాయమీద చెయ్యి పడకుండా ఊరంతటికీ ఒక గీత గీసినట్టవుతుంది. ఒక హెచ్చరిక కూడా ఉంది. మామిడి, జామ, సపోటా, సీతాఫలం, బొప్పాయి, అరటి కోశాక కూడా పండుతాయి. నిమ్మ, దానిమ్మ, ద్రాక్ష అలా పండవు, వాటిని ఎంత గడ్డిలో పెట్టినా తెచ్చిననాటి తీపే మిగులుతుంది.

వెలుగుకు ఎత్తి చూడండి

ఇవన్నీ తెలిసినా చివరికొక మాట వినిపిస్తుంది. బజారులో వంద రూపాయలకు స్కార్ఫు, కిలోల లెక్కన పండ్లు దొరుకుతుంటే ఇంట్లో కుట్టుకోవడం, మాగవేసుకోవడం ఎవరికి తీరిక? తీరిక లేనివాళ్లు కొనుక్కోవడంలో తప్పేమీ లేదు. నునుపైన పాలిస్టర్ స్కార్ఫులో కూడా సందులుంటాయి, వేగంగా ఆరే గుణం దానికుంది, వానాకాలపు తేమలో నూలుకన్నా అదే నయం కావచ్చు. కానీ కొనేవాళ్లకైనా చూడవలసింది ఏమిటో తెలియాలి. పొడి ఎండలో రోజంతా ఆకు కోసేవాళ్లకు, మిరప కోసేవాళ్లకు మెరుపు చూసి కొన్న గుడ్డ చెమటను పీల్చక నేలపాలు చేస్తే, ఆ నష్టం డబ్బుది కాదు, ప్రాణానిది. ఇంట్లో కుట్టేవాళ్లకున్న బలం యంత్రం కాదు. ఎక్కడ వదులు ఉంచాలో, ఎక్కడ బిగించాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ.

పరీక్షకు ఖర్చేమీ లేదు. గుడ్డను వెలుగుకు ఎత్తి పట్టండి. ఒక పొరలో వెలుగు చుక్కలు చుక్కలుగా కనిపించి, రెండో పొర వేయగానే ఆ చుక్కలు మాసిపోతే, నేత సరిపోయింది. ఆ రెండు పొరల్నీ నోటి ముందు పట్టుకుని ఊదండి. అవతల పెట్టిన అరచేతికి ఊపిరి తగలాలి. చివరగా ఒక నీటిబొట్టు వేయండి. బొట్టు నిలబడిపోకుండా ఇంకిపోయి పరుచుకోవాలి. మూడింటిలోనూ నెగ్గిన పాత చీర ఇంట్లో ఒకటి ఉంటే, అందులో ఒక తలగుడ్డ, నీళ్లసీసాకు ఒక తడి తొడుగు, పెరటి చెట్టుకు పాతిక కాయసంచులు వస్తాయి. మిగిలిన కొంగు గడ్డిమీద కప్పడానికి.